తాడోబా అంచున ఇల్లు కట్టాలంటే: భద్రావతి గ్రామాలకు వర్తించే అనుమతులు, హద్దులు

చంద్రపూర్ జిల్లాలోని భద్రావతి ప్రాచీన పట్టణం. భద్రనాగ ఆలయానికి, జైన మందిరానికి, విజాసన్ గుహలకు ప్రసిద్ధి చెందిన ఈ ఊరికి నేడు బొగ్గు గనులు, ఆయుధ కర్మాగారం మరొక గుర్తింపును ఇచ్చాయి. ఇదే తాలూకాలోని మోహర్లీ గ్రామం తాడోబా అడవికి ప్రధాన ద్వారం. పులిని చూడవచ్చే యాత్రికుల వలన ఈ దారిలోని భూములకు గిరాకీ పెరిగింది. గిరాకీతోపాటు సందేహాలూ పెరిగాయి. కూలిన పెంకుటిల్లు స్థానంలో పక్కా ఇల్లు కట్టుకోవచ్చునా? పొలంలో రెండు గదులు వేసి యాత్రికులకు అద్దెకు ఇవ్వవచ్చునా? పంచాయతీ ఇచ్చిన కాగితం సరిపోతుందా? అటవీశాఖ వచ్చి కూల్చివేస్తుందా?

ఈ ప్రశ్నలకు ఒకే సమాధానం లేదు. స్థలం ఏ హద్దులో ఉన్నది, కట్టడం ఎవరి అవసరానికి అన్న రెండు విషయాల మీదనే సమాధానం ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ తెలియక కొందరు సొంత ఇంటి మరమ్మతుకే భయపడి వానకు తడుస్తున్నారు. మరికొందరు వ్యాపారి మాట నమ్మి, కట్టడానికి వీలులేని నేలకు బయానా చెల్లిస్తున్నారు. ఈ రెండు నష్టాలూ తప్పించుకోదగినవే.

ఒకే పేరు, వేర్వేరు హద్దులు

వాడుకలో అంతా 'తాడోబా' అనే అంటారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ పేరు క్రింద అనేక పొరలు ఉన్నాయి. గోండు ప్రజలు కొలిచే తారు అనే దేవుని పేరు మీదుగా ఈ అడవికి ఆ పేరు వచ్చిందని స్థానికుల విశ్వాసం. ఆ దేవుని గుడి తాడోబా చెరువు గట్టున ఉన్నది. ఇక్కడ వేటను 1935లో నిషేధించారు. 1955లో 116.55 చదరపు కిలోమీటర్ల మేర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. మహారాష్ట్రలో ఇదే తొలి జాతీయ ఉద్యానవనం. దానిని ఆనుకొని 1986లో 508.85 చదరపు కిలోమీటర్లతో అంధారి అభయారణ్యాన్ని ప్రకటించారు. 1990లలో ఈ రెండింటినీ కలిపి పులుల సంరక్షణ ప్రాజెక్టులో చేర్చారు.

ఈ రెండూ కలిసిన సుమారు 625 చదరపు కిలోమీటర్ల ప్రాంతమే కోర్ ప్రాంతం. దాని చుట్టూ సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2010లో బఫర్ ప్రాంతంగా ప్రకటించారు. బఫర్‌లో అడవి ఉన్నది, రైతుల పట్టా పొలాలు ఉన్నాయి, డెబ్బైకి పైగా గ్రామాలూ ఉన్నాయి. ఆ తరువాత 2019 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ తాడోబా చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించింది. దీనినే ఎకో సెన్సిటివ్ జోన్ అంటారు. దీని వెడల్పు చోటునుబట్టి 3 నుండి 16 కిలోమీటర్లు, విస్తీర్ణం సుమారు 1,346 చదరపు కిలోమీటర్లు. చాలాచోట్ల బఫరూ ఈ మండలమూ ఒకే నేల మీద పరచుకొని ఉంటాయి. అట్టి చోట రెండింటి నియమాలూ వర్తిస్తాయి.

ఇవిగాక ప్రతి గ్రామంలోనూ రెవెన్యూ హద్దులు ఉన్నాయి. మరాఠీలో గావ్‌ఠాణ్ అనేది మన గ్రామకంఠం. సాత్‌బారా ఉతారా, అనగా 7/12 పత్రం, మన పహాణీ వంటిది. తలాఠీ మన పాత పట్వారీ వంటి ఉద్యోగి. తెలంగాణలో నాలా అని పిలిచే వ్యవసాయేతర మార్పిడిని అక్కడ ఎన్.ఏ. అంటారు. ఈ మాటలు తెలిస్తే సరిహద్దు తెలుగు కుటుంబాలకు సగం తికమక తొలగిపోతుంది.

జాతీయ ఉద్యానవనం లోపల

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షను జాతీయ ఉద్యానవనాలకు మూలం. ఉద్యానవనంగా ప్రకటించదలచిన నేల మీద ప్రజలకున్న హక్కులన్నీ విచారించి, పరిష్కరించి, ప్రభుత్వానికి సంక్రమింపజేసిన తరువాతనే తుది ప్రకటన వెలువడుతుంది. కావున ఉద్యానవనం లోపల ప్రైవేటు ఇంటికి అనుమతి అనే మాటకే తావు లేదు. అభయారణ్యం విషయంలో కొంత తేడా ఉన్నది. అక్కడ కొన్ని హక్కులను కొనసాగనిచ్చే అధికారం 24వ సెక్షను ద్వారా కలెక్టరుకు ఉన్నది. అయితే అందుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకునితో సంప్రదించవలసి ఉంటుంది.

వాణిజ్య విడిది గృహాలు, హోటళ్లు, జంతు ప్రదర్శనశాలలు, సఫారీ పార్కుల వంటి కట్టడాలకు జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం తప్పనిసరి అని 33వ సెక్షను చెబుతుంది. వ్యాపార నిమిత్తం కట్టే ప్రభుత్వ విడిది గృహాలను సైతం 2022 సవరణ ఈ నియమం క్రిందికి తెచ్చింది. ప్రభుత్వ భూమిని ఆక్రమించి కట్టిన కట్టడాలను తొలగించే అధికారం 34-ఎ సెక్షను ప్రకారం సహాయ అటవీ సంరక్షకుడు, ఆపై స్థాయి అధికారులకు ఉన్నది. అయినను బాధితుని వాదన వినకుండా తొలగించరాదని అదే సెక్షను నిర్దేశిస్తుంది. నోటీసు అందినవారు దానిని దాచిపెట్టక, గడువులోగా పత్రాలతో లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వడం అందుకే ముఖ్యం.

ఈ నియమాలు ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తాయనడానికి ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ ఉదంతం నిదర్శనం. అక్కడి పాఖ్రో ప్రాంతంలో పులుల సఫారీ పేరిట జరిగిన అక్రమ కట్టడాలను, చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు 2024 మార్చి 6న ఇచ్చిన తీర్పులో తీవ్రంగా తప్పుపట్టింది. జరిగిన నష్టాన్ని సరిదిద్దాలని ఆదేశించింది.

కోర్‌లోని గ్రామాలు, పునరావాసం

కోర్ ప్రాంతాన్ని మానవ సంచారం లేకుండా ఉంచాలన్నది 2006 సవరణతో చట్టంలో చేరిన 38-వి సెక్షను ఉద్దేశం. అదే సెక్షను గ్రామస్థులకు ఒక రక్షణనూ ఇచ్చింది. ప్రజల ఇష్టపూర్వక అంగీకారం లేకుండా ఎవరినీ తరలించరాదు. ముందుగా అటవీ హక్కుల గుర్తింపు పూర్తికావాలి, గ్రామసభ సమ్మతి ఉండాలి, కొత్తచోట సౌకర్యాలు సిద్ధం కావాలి. తాడోబా కోర్‌లోని బోటేఝరీ, నవేగావ్ రామ్‌దేగి, జామ్నీ వంటి గ్రామాలు 2007 మొదలుకొని విడతలవారీగా బయటికి తరలాయి.

తరలింపునకు అంగీకరించిన కుటుంబానికి కేంద్రం ఇచ్చే ప్యాకేజీ 2008 నుండి 10 లక్షల రూపాయలుగా ఉండేది. 2021లో దానిని 15 లక్షలకు పెంచారు. మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఒక మార్గం, ఇల్లు, భూమి, వసతులతో పునరావాసం పొందడం రెండవ మార్గం. 18 ఏళ్లు నిండిన వారిని ప్రత్యేక కుటుంబంగా లెక్కించే నియమం ఉన్నందున, లెక్కింపు జరిగే సమయానికి వయోధ్రువీకరణ పత్రాలు చేతిలో ఉండాలి. ఇది ఇంటి అనుమతికి సంబంధించిన విషయం కాదనిపించవచ్చును. కాని కోర్‌లో ఉన్న కుటుంబానికి కొత్త ఇల్లు అనేది ఎక్కువ సందర్భాలలో ఈ దారిలోనే వస్తుంది.

బఫర్‌లో సొంత ఇల్లు

బఫర్ అనగానే ఊరంతా అటవీశాఖ పరమైనదని భావించడం పొరపాటు. బఫర్‌గా ప్రకటించినంత మాత్రాన పట్టా పొలం యాజమాన్యం మారదు. మనుషుల జీవనోపాధికి, అభివృద్ధికి, సామాజిక సాంస్కృతిక హక్కులకు తగిన గుర్తింపునిస్తూ వన్యప్రాణులతో సహజీవనం సాగాలన్నదే బఫర్‌కు చట్టం చెప్పిన లక్ష్యం. దాని హద్దులను గ్రామసభతో సంప్రదించి నిర్ణయించాలని కూడా చట్టమే చెబుతుంది.

పర్యావరణ సున్నిత మండలాల నియమాలు ఇంకా స్పష్టమైనవి. రక్షిత ప్రాంతపు హద్దు నుండి 1 కిలోమీటరు లోపల కొత్తగా వాణిజ్య కట్టడాలకు, హోటళ్లకు, రిసార్టులకు అనుమతి లేదు. పర్యావరణ యాత్రల కోసం వేసే చిన్న తాత్కాలిక కట్టడాలకు మాత్రం మినహాయింపు ఉన్నది. 1 కిలోమీటరు దాటిన తరువాత కూడా పర్యాటక ప్రణాళికకు అనుగుణంగా ఉంటేనే అనుమతి లభిస్తుంది. అయితే స్థానికులు తమ సొంత భూమిలో, తమ నివాస అవసరానికి, భవన నియమాలకు లోబడి కట్టుకొనే ఇళ్లకు ఈ నిషేధం అడ్డురాదు. గనుల త్రవ్వకం, రాతి క్వారీలు, క్రషర్లు మండలంలో నిషిద్ధం. అయినను సొంత ఇంటి నిర్మాణానికో మరమ్మతుకో మట్టి త్రవ్వుకోవడానికి, సొంత వాడకానికి నాటు పెంకులు, ఇటుకలు చేసుకోవడానికి స్థానికులకు మినహాయింపు ఉన్నది. ఇటుకల బట్టీ పెట్టి అమ్మకానికి దిగితే అది వేరు విషయం.

2022 జూన్ 3న సుప్రీంకోర్టు రక్షిత అడవుల చుట్టూ కనీసం 1 కిలోమీటరు సున్నిత మండలం ఉండాలని, అందులో కొత్తగా శాశ్వత కట్టడాలు రాకూడదని ఆదేశించింది. దేశమంతటా అడవి అంచు గ్రామాలలో ఆందోళన చెలరేగింది. 2023 ఏప్రిల్ 26న కోర్టు ఆ ఆదేశాన్ని సవరించింది. ముసాయిదా లేదా తుది ప్రకటన వెలువడిన అడవులకు ఆ ఏకరీతి నియమం వర్తించదని తెలిపింది. తాడోబాకు 2019లోనే తుది ప్రకటన వచ్చింది కనుక ఆ ప్రకటనలోని నియమాలే ఇక్కడ ప్రమాణం. 'కిలోమీటరులోపు ఇటుక కూడా పేర్చరాదు' అంటూ 2022లో పుట్టిన మాట సొంత ఇంటి విషయంలో ఇక్కడ చెల్లదు.

గ్రామకంఠంలో ఒక దారి, పొలంలో మరొక దారి

గ్రామకంఠం లోపలి ఇంటికి 1958 నాటి గ్రామ పంచాయతీల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం పంచాయతీని ఆశ్రయించాలి. 2020 డిసెంబరులో తెచ్చిన ఏకీకృత నిర్మాణ నియమావళి చిన్న స్థలాల ఇళ్లకు ప్రక్రియను తేలిక చేసింది. పాత గోడల మీదనే తిరిగి కట్టేవారు సైతం పాత ఇంటి పన్ను రసీదును, ఇంటి నంబరును, పాత కట్టడం ఫొటోను భద్రపరచుకోవడం మేలు. ఇది కొత్త ఆక్రమణ కాదని చెప్పడానికి అవే సాక్ష్యం.

గ్రామకంఠం దాటి పొలంలో కట్టేవారికి పంచాయతీ కాగితం ఒక్కటే చాలదు. 1966 నాటి మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడులోని 44వ సెక్షను క్రింద వ్యవసాయేతర వినియోగానికి కలెక్టరు అనుమతి తీసుకొనే పద్ధతి చాలాకాలం సాగింది. తరువాతి సవరణలు దానిని విడతలవారీగా సడలించాయి. కావున దరఖాస్తు చేసే నాటికి అమలులో ఉన్న పద్ధతి ఏదో తహసీలు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. రెవెన్యూ సడలింపు వచ్చినా అటవీ, వన్యప్రాణి, సున్నిత మండల నియమాలు తొలగిపోవన్నది మాత్రం గుర్తుంచుకోవలసిన విషయం. సున్నిత మండలంలో వ్యవసాయ భూమిని స్థానికుల నివాసానికి మార్చవచ్చును గాని, అందుకు నిఘా సంఘం సిఫారసు, సంబంధిత అధికారి ముందస్తు ఆమోదం కావాలి. స్థానిక కుటుంబం తన ఇంటిలో నడిపే హోమ్‌స్టేలకు ఈ నియమాలలో చోటు ఉన్నది. పెట్టుబడిదారు కట్టే రిసార్టుకు, గ్రామస్థుని హోమ్‌స్టేకు చట్టం గీసిన గీత ఇదే.

ఝుడ్పీ జంగల్ అనే మాట

తూర్పు విదర్భలోని ఆరు జిల్లాలలో, చంద్రపూర్‌తో సహా, రెవెన్యూ రికార్డులలో 'ఝుడ్పీ జంగల్' అనే మాట కనిపిస్తుంది. అనగా పొదలతో కూడిన చిట్టడవి. చూడడానికి బీడులా ఉంటుంది, పశువులు మేస్తుంటాయి, ఒక్కొక్కచోట ఇళ్లు, బడులు కూడా వెలసి ఉంటాయి. ఈ నేలలను అడవిగానే పరిగణించాలని 2025 మే 22న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1996 డిసెంబరు 12కు ముందు అధికారులు కేటాయించిన స్థలాల విషయంలో, వాటిని అటవీ జాబితా నుండి తొలగించడానికి రాష్ట్రం కేంద్రం ఆమోదం కోరవచ్చునని వెసులుబాటు కల్పించింది. ఆ తేదీ తరువాతి కేటాయింపులకు అంత సులభమైన దారి లేదు, వాటిని ఇచ్చిన అధికారులపై చర్య కూడా ఉంటుందని తీర్పు సూచించింది.

అందుచేత 7/12 పత్రంలో ఈ మాట ఉన్న నేలను కొనేవారు, దానిమీద కట్టేవారు ఆగి ఆలోచించాలి. ఇప్పటికే అక్కడ నివసిస్తున్న కుటుంబాలు తమకు కేటాయింపు జరిగిన తేదీని తెలిపే కాగితాన్ని వెదికి పెట్టుకోవాలి. ఆ ఒక్క తేదీ మీదనే వారి ఇంటి భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.

అటవీ హక్కు పత్రం ఉన్నవారు

2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుండి అటవీ భూమిలో ఉంటున్న గిరిజనులకు నివాస, సాగు హక్కులను గుర్తించింది. ఇతర సంప్రదాయ అటవీవాసులు మూడు తరాలుగా, అనగా 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్లు చూపవలసి ఉంటుంది. గుర్తింపు ప్రక్రియ పూర్తి కానంతవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదని 4వ సెక్షను చెబుతుంది. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మకానికి, బదిలీకి పనికిరాదు. హక్కు పత్రం ఉన్న నేలను రిసార్టు కోసం కొన్నామని చెప్పేవారి కొనుగోలు చెల్లదు.

ఊరికి బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, మంచినీటి పథకం, దారి వంటి 13 రకాల ప్రభుత్వ సౌకర్యాలకు అటవీ భూమిని ఇచ్చే వీలు ఈ చట్టంలోని 3వ సెక్షనులో ఉన్నది. ఒక్కొక్క పనికి 1 హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరాలు మించరాదు. హెక్టారుకు 75కు మించి చెట్లు కొట్టరాదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. బడి గది కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రామాలు ఈ నిబంధనను వాడుకోవచ్చును.

కొనుగోలులో జాగ్రత్తలు

గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికి రెవెన్యూ కోడులోని 36-ఎ సెక్షను ప్రకారం కలెక్టరు అనుమతి, ప్రభుత్వ ముందస్తు ఆమోదం కావాలి. వ్యవసాయదారులు కానివారికి వ్యవసాయ భూమి బదిలీపై 1958 నాటి విదర్భ కౌలు చట్టం పరిమితులు విధించింది. ఈ రెండు చట్టాలనూ తప్పించుకోవడానికి వేరొకరి పేరు మీద కొనిపించే బేరాలు చివరికి నష్టాన్నే మిగులుస్తాయి. కాగితం మీద పేరున్నవాడు గ్రామస్థుడు, కట్టడం సొమ్ము బయటివానిది అయినప్పుడు నోటీసు వచ్చేది గ్రామస్థునికే.

సరిహద్దుకు ఇవతల

పులికి రాష్ట్ర సరిహద్దు లేదు. తాడోబాలో పెరిగిన పులులు రాజురా మీదుగా కాగజ్‌నగర్ అడవులకు, అక్కడినుండి కవ్వాల్ వైపు సాగుతాయి. కావున ఇవే ప్రశ్నలు తెలంగాణ గ్రామాలకూ వచ్చాయి. 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రపు కోర్ నుండి మైసంపేట, రాంపూర్ గ్రామాల కుటుంబాలు 2024లో కడెం మండలంలోని పునరావాస కాలనీకి తరలాయి. కుమురం భీం జిల్లాలోని కారిడారు అడవులను సంరక్షణ కేంద్రంగా ప్రకటిస్తూ 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 49 జారీ చేసింది. పోడు భూములు, ఇళ్లు, దారులు ఏమవుతాయోనని ఆదివాసులు ఆందోళనకు దిగగా, జూలైలో ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. హద్దులను ముందుగా గ్రామసభలో వివరించకపోతే భయమే పెరుగుతుందని ఆ ఉదంతం తెలిపింది.

పని మొదలుపెట్టక ముందు

పునాది తీయక ముందు ఈ క్రమాన్ని పాటించడం క్షేమకరం.

1. తాజా 7/12 పత్రం, 8-అ పత్రం, గ్రామ నక్షా తీసుకోవాలి. భూమి తరగతి, 'ఝుడ్పీ జంగల్' వంటి మాటలు, ఇతర హక్కుల గడి తప్పక చదివించుకోవాలి. మరాఠీ చదవలేనివారు తెలిసినవారిచేత ప్రతి గడినీ చదివించుకోవాలి.

2. ఆ గట్ నంబరు కోర్‌లో ఉన్నదా, బఫర్‌లో ఉన్నదా, సున్నిత మండలంలో ఉన్నదా, రక్షిత ప్రాంతపు హద్దుకు ఎంత దూరమో తెలుపమని అటవీ కార్యాలయాన్ని వ్రాతపూర్వకంగా కోరాలి. నోటిమాట సాక్ష్యం కాదు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చును.

3. దరఖాస్తులో 'సొంత నివాసం కొరకు' అనే మాటను స్పష్టంగా వ్రాయాలి. వ్రాసిన తరువాత ఆ ఇంటిని వాణిజ్య విడిదిగా మార్చితే అనుమతి మూలమే దెబ్బతింటుంది.

4. ఘర్‌కుల్ మంజూరు అయినంతమాత్రాన స్థలానికి అనుమతి వచ్చినట్లు కాదు. మంజూరు డబ్బుకు సంబంధించినది, అనుమతి నేలకు సంబంధించినది.

5. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు ముద్రతో కూడిన రసీదు తీసుకోవాలి. పంచాయతీ తీర్మానం నకలును ఇంట్లో ఉంచుకోవాలి.

6. ఇల్లు పూర్తయిన తరువాత బావికి ఎత్తయిన గోడ కట్టాలి, కంచెకు కరెంటు పెట్టరాదు. కరెంటు కంచెకు తగిలి పులి చనిపోయినా మనిషి చనిపోయినా ఆ కుటుంబం కేసుల పాలవుతుంది.

అడవి అంచున ఉన్న పేద కుటుంబానికి చట్టం శత్రువు కాదు. సొంత నేలలో సొంత నీడ కట్టుకొనేవారికి చట్టం దారి వదిలింది. ఆ నీడను అంగడిగా మార్చేవారిని, ప్రభుత్వ అడవిని ఆక్రమించేవారిని అడ్డుకొన్నది. ఆ దారి ఎక్కడ ఉన్నదో తెలియజేసే కాగితం తలాఠీ కార్యాలయంలోను, అటవీ కార్యాలయంలోను దొరుకుతుంది. ఇటుకలకు బయానా ఇవ్వక ముందే ఆ కాగితాన్ని చేతికి తెచ్చుకోవాలి.